విదేశ మహాసభకు పోవు రైతు ప్రతినిధికి కొన్ని సూచనలు



పదిమంది సభ్యుల సొమ్ముతో ఒక సభ్యుడు దూరదేశమునకు పోయి వచ్చినపుడు ఆతడు చూచినది ఆ పదిమందియు చూచినట్లు కావలయును. అట్లు కానిచో ఆ ప్రయాణము ఆతనికి విహారమగును గాని సంఘమునకు లాభము కాజాలదు. విదేశములలో జరుగు కొబ్బరి మహాసభలకు మన కోనసీమనుండి ప్రతినిధిని పంపదలచినచో ఆతడెట్లు సిద్ధపడవలయును, అక్కడ నెట్లు మెలగవలయును, తిరిగి వచ్చునపుడు ఏమి తేవలయును, ఏమి తేరాదు అను సంగతులను ఈ పాఠమున వివరించుచున్నాము. వీనిలో కడపటిది అన్నింటికంటె ముఖ్యమైనది. తెలియక తెచ్చిన యొక్క మొలకవలన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల తోటలన్నిటికి కీడు మూడవచ్చును. కావున పాఠమును తుదివరకు చదువవలసినదిగా కోరుచున్నాము.

1. ఈ మహాసభ లెట్టివి

కొబ్బరి పండించు దేశములు కొన్ని కలసి 1969వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన ఆసియా పసిఫిక్ కొబ్బరి సమాజమును స్థాపించుకొన్నవి. ఆ తేదీనే ఇప్పుడు మనము ప్రపంచ కొబ్బరి దినముగా జరుపుకొనుచున్నాము. ఆ సమాజమునకే నేడు అంతర్జాతీయ కొబ్బరి సమాజమని పేరు. దాని ముఖ్య కార్యాలయము ఇండోనేషియాలోని జకార్తా నగరమున నున్నది. ఆ సమాజము కోకోటెక్ అను మహాసభను సభ్యదేశములలో నొక్కొక్కసారి యొక్కొక్క చోట జరుపుచుండును. 45వ సభ 2012లో మన దేశమునందే కొచ్చిలో జరిగినది. 50వ సభ 2022 నవంబరులో మలేషియా రాజధానియైన కౌలాలంపూరునందును, 51వ సభ 2024 జూలైలో ఇండోనేషియాలోని సురబయ నగరమునందును జరిగినవి. శాస్త్రజ్ఞులు, వర్తకులు, యంత్రములు చేయువారు, ప్రభుత్వోద్యోగులు వీనికి వత్తురు.

ఈ పాఠమునకు కౌలాలంపూరును ఉదాహరణముగా గైకొనుచున్నాము. అది మనకు దగ్గర. అచటి వాతావరణము మన గోదావరి లంకల వాతావరణమునకు సన్నిహితమైనది. తెలుగువారు తరతరములుగా స్థిరపడిన దేశమది. ఇతర నగరములకు పోవువారు ఇందలి వివరములను ఆ దేశపు నియమములతో సరిచూచుకొని అనుసరింపవచ్చును.

2. పత్రములు

మొదట కావలసినది పాస్పోర్టు. అది పెద్దవారికి పదియేండ్లు చెల్లును. అయితే ప్రయాణదినమునకు ఇంకను ఆరు నెలల గడువు మిగిలియుండవలయును. ఐదు నెలలే మిగిలియున్నచో విమానమెక్కనీయకపోవచ్చును. కావున సభ తేదీ తెలిసిన వెంటనే పాస్పోర్టు తీసి గడువు చూచుకొనవలయును.

పేరు విషయమున మనవారికి తరచుగా చిక్కు కలుగుచున్నది. మనము ఇంటిపేరును ముందు వ్రాసికొందుము. ఒక్కొక్కచోట పొడియక్షరముగా వ్రాసి విడిచిపెట్టుదుము. భూమి పట్టాలో నొకవిధముగను, బ్యాంకు పుస్తకములో వేరొకవిధముగను ఉండుట మనకు అలవాటే. విదేశ ప్రయాణములో ఇది పనికిరాదు. పాస్పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు ఏ గడిలో ఎట్లు వ్రాయబడియున్నవో, విమానపు టిక్కెట్టులోను, సభకు పేరు నమోదు చేయు పత్రములోను, బస గదిలోను అక్షరము పొల్లుపోకుండ అట్లే యుండవలయును.

పదవ తరగతి ప్యాసుకాని వారి పాస్పోర్టులో వలస అనుమతి కావలయునను గుర్తు ఉండును. మలేషియా, ఇండోనేషియా, థాయిలాండు ఆ నియమము వర్తించు దేశములలోనివే. దానిని చూచి చదువుకొనని రైతులు వెనుదీయ నక్కరలేదు. ఆ యనుమతి ఉద్యోగమునకు పోవువారికే కాని సభకు పోయి తిరిగి వచ్చువారికి కాదు. అయినను అట్టివారు తిరుగు టిక్కెట్టు, సభవారి ఆహ్వానపత్రము, బస కుదిరిన రసీదు, సంఘము ఇచ్చిన తీర్మానపు నకలు ఒక సంచిలో నుంచుకొని అడిగినపుడు చూపవలయును.

వీసా విషయము. 2023 డిసెంబరు 1వ తేదీనుండి మలేషియా ప్రభుత్వమువారు మన దేశీయులకు ముప్పది దినములవరకు వీసా అక్కరలేకుండ ప్రవేశము నిచ్చుచున్నారు. ఈ సౌకర్యము 2026 డిసెంబరు 31వరకు పొడిగింపబడినది. 2024 జనవరి 1నుండి ప్రయాణికులు చేరుటకు ముందు మూడు దినములలోపల ఆగమనపత్రమును అంతర్జాలమున నింపవలసియున్నది. దీనికి రుసుము లేదు. డబ్బు అడుగు దళారులను నమ్మరాదు. ఇట్టి నియమములు మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందొకసారి, బయలుదేరుటకు ముందొకసారి ఆ దేశపు రాయబార కార్యాలయము ప్రకటించిన దానిని చూచుకొనవలయును. ఆఫ్రికా ఖండములోని కొన్ని దేశములకు పోవువారు పచ్చజ్వరపు టీకా వేయించుకొని ఆ పత్రమును వెంట తీసికొనిపోవలయును.

పత్రములన్నిటికిని రెండేసి నకళ్లు తీయించి యొకటి సామానులోను, ఒకటి సంఘ కార్యదర్శి యొద్దను ఉంచవలయును. పాస్పోర్టు పోయినయెడల ఆ నకలే ఆధారము.

3. సొమ్ము, లెక్క

సంఘపు సొమ్ము వేరు, స్వంతపు సొమ్ము వేరు. రెండును రెండు సంచులలో నుంచవలయును. మలేషియా నాణెము పేరు రింగిట్; దానికి నూరు సెన్నులు. రూపాయలను అధికారము పొందిన మారకపు వర్తకుని యొద్దనో, బ్యాంకునందో మార్చి రసీదు తీసికొనవలయును. మన దేశమునుండి బయటికి 25,000 రూపాయలకు మించి మన నోట్లు తీసికొనిపోరాదు. బ్యాంకు కార్డు విదేశమున చెల్లునట్లు బయలుదేరుటకు ముందే బ్యాంకువారిచే తెరపించుకొనవలయును. మన ఊరి కిరాణాకొట్టులో వలె ఫోను చూపి చెల్లింతమను నమ్మకముతో వట్టిచేతులతో పోరాదు.

బస గదికి అద్దె గాక విదేశీయులవద్ద రాత్రికి గది యొక్కింటికి 10 రింగిట్ల పర్యాటక పన్ను వసూలుచేయుదురు. దీనిని ముందుగనే అంచనాలో చేర్చుకొనవలయును. ప్రయాణ బీమా తప్పక చేయించుకొనవలయును. పరదేశమున కాలు విరిగినచో ఆ ఖర్చు సంఘమునకును, కుటుంబమునకును మోయరాని బరువగును.

ప్రతి రాత్రియు పరుండుటకు ముందు ఆనాటి ఖర్చును చిన్న పుస్తకమున వ్రాయవలయును. తిరిగివచ్చిన పిమ్మట జ్ఞాపకము చేసికొని వ్రాసిన లెక్క ఎంత నిజాయితీపరుడు వ్రాసినను సభ్యులకు అనుమానమునే కలిగించును.

4. సామాను: ఎండుకొబ్బరి సంగతి

ఇచట మా యనుభవమొకటి చెప్పుచున్నాము. ఒకప్పుడు మాతో ప్రయాణము చేసిన యొక రైతు మిత్రుడు అంబాజీపేట కురిడీల శ్రేష్ఠత విదేశీయులకు చూపవలయునని ముచ్చటపడి రెండు డజన్ల కురిడీలను పెట్టెలో సర్దుకొని వచ్చెను. విమానాశ్రయమున పెట్టెను విప్పించి వానినన్నిటిని తీసివేసిరి. ఆయన తన సరకునకు అవమానము జరిగెనని నొచ్చుకొనెను. కాని యధికారులది తప్పు కాదు. ఎండుకొబ్బరిలో సగమునకు పైగా నూనెయే యుండును. గాలి యాడని చోట కుక్కియుంచినపుడు అది తనంతట తాను వేడెక్కి రగులుకొనగలదు. అందుచేత విమాన రవాణా నియమములలో దానిని స్వయముగా వేడెక్కు అపాయకర వస్తువులలో చేర్చినారు. కొబ్బరి గోదాములు కాలుట చూచిన మనకు ఈ మాట వింతగా తోచదు.

కావున కురిడీలకు బదులు వాని ఛాయాచిత్రములను, కాయల బరువు, నూనె పాలు వ్రాసిన కాగితమును తీసికొనిపోవుట మేలు. కానుకగా నీయదలచినచో ఆత్రేయపురము పూతరేకులు తగినవి. వానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరగాయ తీసికొనిపోవువారు చేతిసంచిలో గాక పెద్దపెట్టెలో, నూనె కారకుండ గట్టిగా మూసి కొద్దిగా మాత్రమే పెట్టుకొనవలయును. కత్తి, కత్తెర చేతిసంచిలో ఉండరాదు. నీరు, నూనె మొదలగు ద్రవములు చేతిసంచిలో నొక్కొక్క సీసాకు 100 మిల్లీలీటర్లకు మించరాదు. ఫోనునకు విద్యుత్తు నింపు పవరుబ్యాంకు మాత్రము చేతిసంచిలోనే యుండవలయును, పెద్దపెట్టెలో పెట్టరాదు.

మందులు వాడువారు వైద్యుని చీటితో సహా తీసికొనిపోవలయును. ఎంతటి పరిచితుడైనను ఇతరులిచ్చిన మూటను, అందేమున్నదో విప్పి చూడక తీసికొనరాదు. మత్తుపదార్థముల విషయమున మలేషియా చట్టము మిక్కిలి కఠినము, మరణశిక్షవరకు పోవును. మూటలో నేమున్నదో తెలియదను మాట అక్కడ రక్షింపదు.

అచటి గోడ బిగింపులకు మూడు చదరపు పుల్లలు గల ప్లగ్గు కావలయును. మన గుండ్రని పుల్లలు అందులో పట్టవు. దానికి తగిన మార్పిడి ప్లగ్గును ఇక్కడనే కొనుట చవుక. నూలు బట్టలు, గొడుగు, శాలువ అవసరము. శాలువ యెందుకందురా? బయట మన వైశాఖమువలె ఉక్క. సభాభవనములో చల్లని గాలియంత్రములచే మాఘమాసపు చలి.

5. మార్గము

మన ప్రాంతమువారికి రైలు రాజమహేంద్రవరమునకు పోయి యెక్కుట సాధారణము. అచటినుండి చెన్నపట్టణమో, హైదరాబాదో చేరినచో కౌలాలంపూరు నాలుగు గంటల విమాన ప్రయాణము. విమానమునకు మూడు గంటలు ముందుగా ఆశ్రయమున నుండవలయును. ఇది వినుటకు సులభము. కాని లంకగ్రామములవారు శ్రావణ భాద్రపదములలో గోదావరి పొంగి కాజ్‌వేలు మునుగునని మరువరాదు. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 1996 నవంబరు 6న మన తోటలను నేలపాలు చేసిన తుపాను ఆ ఋతువులోనిదే. 2022 కౌలాలంపూరు సభయు నవంబరులోనే జరిగినది. కావున విమానము బయలుదేరు దినమునకు పూర్తిగా నొక దినము ముందే ఆ నగరము చేరియుండుట వివేకము. ఒక రాత్రి బసకగు ఖర్చు, తప్పిపోయిన టిక్కెట్టు ఖర్చులో చాల చిన్నది.

మలేషియా గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు నడచును. అమలాపురమున ఉదయము ఆరు గంటలైనపుడు అచట ఎనిమిదిన్నర. దిగినవెంటనే గడియారము మార్చుకొననివాడు మొదటినాటి సభ సగము పోగొట్టుకొనును.

విమానాశ్రయము నగరమునకు సుమారు 57 కిలోమీటర్ల దూరమున సెపాంగ్ అను చోట నున్నది. అచటినుండి నగర మధ్యమునకు పోవు రైలు అరగంటలో కెఎల్ సెంట్రల్ అను పెద్ద స్టేషనునకు చేర్చును. బస్సు చవుక, కాని గంటయు అంతకు పైనను పట్టును. కెఎల్ సెంట్రల్ ప్రక్కనే బ్రిక్‌ఫీల్డ్సు అను పేట కలదు. అచట దక్షిణదేశపు భోజనశాలలు, దుకాణములు ఉన్నవి. తొలిసారి పోవువారికి ఆ చుట్టుపట్ల బస అనుకూలము. సభాభవనము దూరమైనను నగరపు రైళ్లు ఉన్నవి. అత్యవసరమైనచో 999 అను సంఖ్యకు ఫోను చేయవలయును. మన దేశపు హైకమిషను చిరునామాను, సంఖ్యను చొక్కా జేబులో కాగితముపై వ్రాసి యుంచుకొనవలయును. ఫోను చచ్చినపుడు ఫోనులోని చిరునామా పనికిరాదు.

6. భోజనము, మర్యాద, మాట

కొబ్బరిపాలతో వండిన అన్నము ఆ దేశమువారికి ఇష్టమైన ఆహారము. నాసి లెమాక్ అందురు. శాకాహారులు దానిని తినుటకు ముందు విచారింపవలయును. ప్రక్కన వడ్డించు కారములో చిన్న ఎండుచేపలు కలియును. కూరలలో కూడ రొయ్యపొడి ముద్ద వేయుట వాడుక. కూరగాయలు మాత్రమే అనిన చాలదు. చేప, రొయ్య లేకుండ అని స్పష్టముగా చెప్పవలయును. అరిటాకులో భోజనము పెట్టు దక్షిణదేశపు శాలలలో ఈ చిక్కు లేదు. దురియాన్ అను పండును బస గదులకు తీసికొనిపోనీయరు. దాని వాసన అంత ఘాటు.

ఇచ్చునపుడును పుచ్చుకొనునపుడును కుడిచేయి వాడుట, ఇంటిలోనికి పోవునపుడు చెప్పులు విడుచుట అచటను మర్యాదయే. వ్రేలు చూపి మాటలాడుట మాత్రము తప్పు. చూపవలసివచ్చినచో బొటనవ్రేలితో చూపుదురు.

కొన్ని మాటలు నేర్చుకొనుట మంచిది. కొబ్బరిని కెలాప అందురు. కొబ్బరిపాలు సాంతాన్. నీరు ఆయెర్. లోనికి పోవు దారి మాసూక్, బయటికి పోవు దారి కెలువార్, మరుగుదొడ్డి తాండాస్. కృతజ్ఞత చెప్పుటకు తెరిమా కాసిహ్ అనవలయును.

7. సభలో చేయవలసిన పని

సభ ఇంగ్లీషున జరుగును. ఆ భాష రాని రైతును పంపరాదని మా యభిప్రాయము కాదు. తోటను ఎరుగని ఇంగ్లీషువానికంటె ఇంగ్లీషును ఎరుగని తోటవాడు మేలు. అయితే ఆతనికి తోడుగా భాష తెలిసిన యొక యువకుని పంపవలయును. తన తోట విస్తీర్ణము, చెట్ల వయస్సు, చెట్టుకు కాయల సంఖ్య, దింపు ఖర్చు, ఒలుపు కూలి, అంతరపంటలు మొదలగునవి ఒక పుటలో ఇంగ్లీషున వ్రాయించి పాతిక నకళ్లు తీసికొనిపోవలయును. ఎవరైన మాటలాడినపుడు ఆ పుట ఇచ్చినచో సగము సంభాషణ ముగిసినట్లే.

బయలుదేరుటకు ముందు సంఘమున సమావేశము జరిపి, అడిగి రావలసిన ప్రశ్నలను సభ్యులే నిర్ణయింపవలయును. నాలుగు ప్రశ్నలకు మించరాదు. మాకు తోచినవి ఇవి:

మొదటిది: 2013 నవంబరు 8న ఫిలిప్పీను దీవులలో హైయాన్ తుపాను మూడు కోట్లకు పైగా కొబ్బరిచెట్లను పాడుచేసినది. అచటి రైతులు మరల నాటిన మొక్క కాపునకు వచ్చువరకు ఏ పంటతో బ్రదికిరి? మనకును 1996 తరువాత అదే ప్రశ్న యెదురైనది, రేపును ఎదురుకావచ్చును.

రెండవది: దింపు కూలీల కొరతను ఇతర దేశములవారు ఎట్లు తీర్చుకొనుచున్నారు? పొట్టిరకములతోనా, యంత్రములతోనా?

మూడవది: కాయను కాయగా అమ్మక, పచ్చికొబ్బరి నూనెగను, కొబ్బరి చక్కెరగను, తురుముగను, పీచు సరకుగను మార్చి అమ్ముకొను సహకార సంఘము లెక్కడ నున్నవి? వాని పెట్టుబడి యెంత, నష్టము వచ్చినపుడు ఎవరు భరించిరి?

నాలుగవది: తెల్లదోమను మందులు చల్లకుండ అణచినవా రెవరు?

లాభము చెప్పు వక్తలు పెక్కుమంది యుందురు. నష్టము వచ్చిన సంగతి అడిగినవానికే తెలియును. కావున మూడవ ప్రశ్నలోని కడపటి భాగమును విడువరాదు.

సభతోపాటు యంత్రముల ప్రదర్శనశాల ఉండును. యంత్రము నడచుట చూచి ముచ్చటపడి బయానా ఇయ్యరాదు. ఏ కాగితముమీదను సంతకము చేయరాదు. వెల, విద్యుత్తు ఖర్చు, గంటకు ఎన్ని కాయలు, మన దేశమున విడిభాగములు దొరకు చోటు, మరమ్మతు చేయువారు ఎవరు అను అయిదు సంగతులు వ్రాసికొని రావలయును. కొనుట కొనకపోవుట సంఘము తీర్మానింపవలసిన విషయము.

8. తోటలు, మనవారు

సభ ముగిసిన పిమ్మట తోటలను చూపుటకు తీసికొనిపోవుదురు. దానికి తప్పక పోవలయును. పేరాక్ రాష్ట్రమున బాగాన్ దాతుక్ అను సముద్రతీర ప్రాంతము కొబ్బరికి ప్రసిద్ధమైనది. మరియొక విశేషము: ఆ ప్రాంతపు కొబ్బరి తోటలలో పనిచేయుటకు బ్రిటిషు కాలమున మన తెలుగు జిల్లాలనుండి కూలీలుగా పోయినవారి సంతతి నేటికిని అచట నున్నది. 1955లో వారు తమ సంఘమును నెలకొల్పుకొనిరి. అదే నేటి మలేషియా తెలుగు సంఘము. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరునందే జరిగినవి.

వారిని కలిసికొనినపుడు ఒక సంగతి గుర్తుంచుకొనవలయును. మన తాతముత్తాతలు పొట్టకూటికై ఓడయెక్కి పోయిరి; మనము సభ చూచుటకు విమానమెక్కి పోవుచున్నాము. వారి తెలుగు మన తెలుగువలె లేదని నవ్వరాదు. పెద్దలను తాతగారూ, మామ్మగారూ అని పిలిచి, వారు ఎరిగిన తోటపని యడిగినచో ఏ శాస్త్రజ్ఞుడు చెప్పని విషయములు వినవచ్చును. ఎరువు, నీరు, కలుపు, కూలి అను నాలుగింటిని అడుగుట మరువరాదు.

9. తిరిగి వచ్చునపుడు: తేరాని వస్తువు

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము.

పొరుగుదేశపు తోటలో చేతికందునంత ఎత్తున గెలలు వేసిన పొట్టిచెట్టును చూచినపుడు మన చేయి ఊరకుండదు. ఒక మొలకెత్తిన కాయను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టిన నెవరు చూచెదరు, మన పెరటిలో నాటినచో ఎవరికి నష్టము అని తోచును. దయయుంచి ఆ పని చేయకుడు.

కొబ్బరికాయ తొడిమ క్రింద దాగి కాయను ఎండజేయు ఇరియోఫిడ్ నల్లిని శాస్త్రజ్ఞులు 1965లో వర్ణించిరి. అది మెక్సికో దేశపు గెరెరో రాష్ట్రపు కాయలపై దొరకినది. 1998లో అది కేరళలో కనబడి, అచటినుండి మన తోటలకును వ్యాపించినది. కంటికి కనబడని ఆ పురుగు కాయను చిన్నదిగను, డొక్కను గట్టిగను చేసి మనకు ఎంత నష్టము కలిగించినదో ఒలుపు కూలీలనడిగిన చెప్పుదురు.

సర్పిలాకార తెల్లదోమ కథయు అట్టిదే. అది మధ్య అమెరికా ప్రాంతపు పురుగు. 2016లో తమిళనాటి పొల్లాచ్చి తోటలలో కనబడినది. పరదేశపు మొక్కలతో వచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. కొలదికాలములోనే మన గోదావరి జిల్లాలకు వచ్చి ఆకుల అడుగున తెల్లని చుట్టలు పెట్టి, ఆకులపై నల్లని మసిని పరచినది. దానిని అణచుటకు అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానము వారు మేలుచేయు పరాన్నజీవులను, శిలీంధ్రమును పెంచుట మనమెరిగినదే. ఒక పురుగు ప్రవేశించుటకు ఒక మొక్క చాలును. దానిని అణచుటకు సంవత్సరములు చాలవు.

ఇంకను మన దేశమునకు రాని తెగుళ్లు ఉన్నవి. ఫిలిప్పీను దీవులలో కడంగ్ కడంగ్ అను తెగులు మూడు కోట్లకు మించిన చెట్లను చంపినదని లెక్క. దానికి మందు లేదు. తెగులు సోకిన చెట్టు కాయ చూచుటకు మంచిదిగనే యుండవచ్చును.

కావున 2003నాటి మొక్కల దిగుమతి ఉత్తరువు ప్రకారము దిగుమతి అనుమతియు, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రమును లేక విత్తనము, మొక్క, మట్టి తేరాదు. మేలైన విదేశపు రకములు మనకు అవసరము లేవని మా మాట కాదు. వానిని తెప్పించుటకు వేరు దారి కలదు. జాతీయ వృక్షజన్యు వనరుల సంస్థ ద్వారా వచ్చిన వానిని వేరుగా నుంచి పరీక్షించిన పిమ్మటనే బయటకు విడుతురు. కర్ణాటకలోని కిడు అను చోట దక్షిణాసియా దేశములకై అంతర్జాతీయ కొబ్బరి జన్యునిధి యున్నది. ప్రతినిధి చేయవలసినది రకము పేరు, తల్లిదండ్రుల పేర్లు, కాపు లెక్క వ్రాసికొని, తిరిగివచ్చి అంబాజీపేట శాస్త్రజ్ఞులకు తెలుపుట. గంగాబొండము, తూర్పుతీరపు పొడుగు రకముల సంకరమైన గోదావరి గంగ అట్టి శాస్త్రీయమైన పనివలననే మనకు లభించినది.

తోటలు చూచిన చెప్పులను, పాదరక్షలను అచటనే బాగుగా కడిగి, బ్రష్షుతో మట్టి తీసి, ఆరబెట్టి తీసికొని రావలయును. తోటలో తొడిగిన బట్టలను ఉతికించి పెట్టెలో పెట్టవలయును. ఇంటికి వచ్చిన మొదటినాడు నేరుగా తోటలోనికి ఆ చెప్పులతో పోరాదు.

10. నివేదిక

తిరిగివచ్చిన పదునైదు దినములలోపల సంఘసభ జరిపి, ప్రతినిధి తాను చూచినది తెలుగున చదివి వినిపింపవలయును. నాలుగు ప్రశ్నలకును సమాధానము చెప్పవలయును. సమాధానము దొరకని ప్రశ్నకు దొరకలేదని చెప్పుట గౌరవభంగము కాదు. ఖర్చు లెక్క రసీదులతో చూపవలయును. మిగిలిన సొమ్మును ఆనాడే జమకట్టవలయును. తాను వ్రాసిన పుస్తకమును సంఘ పఠనాలయమున నుంచవలయును. చూచిన పద్ధతులలో నొకదానిని ఏదేనియొక సభ్యుని తోటలో పది చెట్లకు ప్రయోగించి, మరుసటి యేడు ఫలితము చెప్పినపుడే ఆ ప్రయాణము ముగిసినట్లు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన సంఘమునుండి ప్రతినిధిని పంపదలచినచో ఆతనిని ఎన్నుకొనుటకు చదువు ముఖ్యమా, సాగు అనుభవము ముఖ్యమా?

2. ఒక చిన్న సంఘము భరింపలేని ఖర్చును నాలుగు సంఘములు కలసి భరించినచో, నివేదికను ఏ గ్రామమున చదువవలయును?

3. మన గ్రామమున విదేశమునుండి అనుమతి లేక తెచ్చిన మొక్క లున్నవా? ఉన్నచో ఎవరికి తెలుపవలయును?

4. ఈ పాఠములోని నాలుగు ప్రశ్నలకు మీరు చేర్చదలచిన ఐదవ ప్రశ్న యేది? చేర్చినచో వానిలో దేనిని తీసివేయుదురు?

సభ్యులు వీనిని చర్చించి తమ యభిప్రాయములను వ్రాసిపంపినచో ముందు సంచికలలో ప్రకటింతుము. ప్రతినిధి చేతిలో ఒక నోటుపుస్తకముతో పోయి, అది నిండిన పిదప అదే పుస్తకముతో తిరిగిరావలయునని మా కోరిక. పెట్టెలో మొలక లేకుండుగాక.